కట్ట తెగుతుందని భయపడిన గవర్నర్ – 1956 షుగర్ బౌల్ కథ

స్వర్ణోత్సవ సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయమని సంపాదకవర్గం అడిగింది. నేను చరిత్ర చదువుకున్నవాణ్ని కాను. మన బడి వదిలాక ఇంజనీరింగ్ చదివి, కాలువలు, కట్టలు, తూములు చూసుకుంటూ సర్వీసులో ముప్పై ఏళ్లకు దగ్గరపడ్డాను. అందుకని నాకు చేతనైన మేరకు ఒక ఇంజనీరింగ్ కళాశాల కథే ఎంచుకున్నాను. రాష్ట్రాన్ని ఏలే గవర్నర్ వద్దన్న ఆటను ఆడి తీరిన కళాశాల అది. ఆ కథలో కుర్రవాళ్ల ఆవేశం ఉంది, ఒక పెద్దాయన మాట నిలుపుకోవడం ఉంది. అవమానాల మధ్య తన ఆట తాను ఆడిన ఒక విద్యార్థి ఉన్నాడు. కథ జరిగింది అమెరికాలో అయినా మన గురువులకు, మిత్రులకు పరాయిదిగా అనిపించదని నమ్ముతున్నాను.

ముందు ఆట గురించి

అమెరికావాళ్లు ఫుట్‌బాల్ అనేది మనం బడి వెనక మైదానంలో తన్నుకున్న ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, తోటివాడికి విసురుతారు. జట్టుకు 11 మంది. మైదానం పొడవు 100 గజాలు. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు వెళ్లాలి. వెళ్లలేకపోతే బంతి ఎదుటివాళ్లది అవుతుంది. బంతితో చివరి గీత దాటితే 6 పాయింట్లు. ఆ తర్వాత బంతిని గోలు స్తంభాల మధ్యకు తన్నగలిగితే ఇంకొకటి. ఈ మాత్రం తెలిస్తే మన కథకు చాలు.

కళాశాలల పోటీలు సెప్టెంబరులో మొదలై చలి ముదిరేసరికి ముగుస్తాయి. ఆ తర్వాత బాగా ఆడిన జట్లను పిలిచి, కొత్త సంవత్సరం రోజుల్లో, చలి తక్కువగా ఉండే ఊళ్లలో ప్రత్యేకంగా ఆడిస్తారు. వీటిని బౌల్ ఆటలంటారు. మొదటిది 1902లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగింది. తర్వాత అక్కడ గిన్నె ఆకారంలో కట్టిన స్టేడియం పేరు మీద ‘బౌల్’ అన్న మాట స్థిరపడింది. లూసియానా చెరకు పండే రాష్ట్రం. అందుకే అక్కడి న్యూ ఆర్లీన్స్ నగరంలో 1935 నుంచి జరుగుతున్న ఆటకు షుగర్ బౌల్ అని పేరు. కళాశాలకు ఆ పిలుపు రావడమే గొప్ప గౌరవం. పూర్వ విద్యార్థులు కుటుంబాలతో సహా తరలివెళ్తారు. ఊళ్లో జాతర వచ్చినట్టే ఉంటుంది.

1955 చివర ఆ పిలుపు రెండు జట్లకు అందింది. ఒకటి దక్షిణాదిన అట్లాంటాలోని జార్జియా టెక్. రెండోది ఉత్తరాదిన పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం.

పిట్స్‌బర్గ్ జట్టులో ఒక కుర్రవాడు

పిట్స్‌బర్గ్ జట్టులో బాబీ గ్రియర్ అనే ఆటగాడు ఉన్నాడు. ఒహాయో రాష్ట్రంలోని మాసిలన్ అనే ఊరివాడు. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు ఫుల్‌బ్యాక్‌గా పరిగెత్తేవాడు, ఎదుటివాళ్ల చేతిలో ఉన్నప్పుడు అడ్డుకునేవాడు. అతడు నల్లజాతివాడు. అప్పటివరకు షుగర్ బౌల్‌లో నల్లజాతి ఆటగాడెవరూ మైదానంలోకి దిగలేదు.

అప్పటి దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవారికీ నల్లవారికీ బడులు వేరు, బస్సులో సీట్లు వేరు, తాగునీటి కుళాయిలు వేరు. రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్న, కొందరు కళ్లారా చూసిన మన తరానికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. 1954 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు జాతిని బట్టి బడులు వేరు చేయడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది. దాన్ని అమలు కానివ్వబోమని దక్షిణాది నాయకులు చాలామంది పంతం పట్టారు. వారిలో 1955 జనవరిలో జార్జియా గవర్నర్‌గా పదవి చేపట్టిన మార్విన్ గ్రిఫిన్ ఒకరు. మన గవర్నర్లలా కాదు, అక్కడ గవర్నర్ ప్రజలు ఎన్నుకున్న పాలకుడు, మన ముఖ్యమంత్రితో సమానం.

గ్రియర్ ఉన్నాడని జార్జియా టెక్‌కు ముందే తెలుసు. కోచ్ బాబీ డాడ్ తన ఆటగాళ్లను అడిగాడు. అభ్యంతరం లేదన్నారు. కళాశాల అధ్యక్షుడూ సరేనన్నాడు. ఒప్పుకున్నట్టు కబురు వెళ్లిపోయింది. గ్రియర్ జట్టుతోనే ప్రయాణం చేస్తాడు, జట్టుతోనే తింటాడు, జట్టుతోనే ఆడతాడు అని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం తేల్చి చెప్పింది. స్టేడియంలో తమ వాటాకు వచ్చిన సీట్లలో జాతిభేదం ఉండకూడదన్న మాటకు కూడా నిర్వాహకులు ఒప్పుకున్నారు.

టెలిగ్రామ్

1955 డిసెంబరు 1న పక్క రాష్ట్రమైన అలబామాలో, మాంట్‌గోమరీ నగరంలో, రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళ బస్సులో తన సీటు ఒక తెల్లవాడికి ఇవ్వడానికి నిరాకరించి అరెస్టయింది. మరునాడు, డిసెంబరు 2న, గవర్నర్ గ్రిఫిన్ జార్జియా విశ్వవిద్యాలయాల పాలకమండలికి ఒక టెలిగ్రామ్ పంపాడు. నల్లవారు ఉన్న జట్టుతో గానీ, నల్లవారూ తెల్లవారూ కలిసి కూర్చునే ప్రేక్షకుల ముందు గానీ రాష్ట్రంలోని ఏ కళాశాలా ఆడకుండా చూడాలని కోరాడు. ఆటస్థలంలో రాజీపడటానికీ తరగతి గదిలో రాజీపడటానికీ తేడా లేదన్నాడు. కట్టకు ఒక్కచోట గండి పడితే చాలు, శత్రువు లోపలికి దూసుకొచ్చి మనల్ని నాశనం చేస్తాడని హెచ్చరించాడు. ఆట మొదలు కావడానికి అప్పటికి సరిగ్గా నెల రోజులుంది.

కట్టలతో బతికినవాణ్ని కాబట్టి ఆ పోలిక దగ్గర నేను ఆగిపోయాను. గవర్నర్ చెప్పింది సగం నిజం. కట్ట తెగేది ఒక్కచోటే. కానీ ఆ ఒక్కచోట తెగే ముందు దాని పొడుగునా ఎక్కడెక్కడో ఊట దిగుతూ ఉంటుంది. ఎలుక బొరియలు, ఎండ్రకాయ బొరియలు లోలోపల కట్టను గుల్ల చేసి ఉంటాయి. వరద రోజున జనం కంటికి కనిపించేది గండి మాత్రమే. సుప్రీంకోర్టు తీర్పు, మాంట్‌గోమరీ బస్సు, ఉత్తరాది జట్లలో ఒక్కొక్కరుగా చేరుతున్న నల్లజాతి కుర్రవాళ్లు, ఇవన్నీ ఆ ఊటలే. టెలిగ్రామ్ ఇచ్చే నాటికే నీళ్లు కట్టలోకి దిగిపోయి ఉన్నాయి.

ఆ రాత్రి

టెలిగ్రామ్ వార్త ఆ సాయంత్రానికి జార్జియా టెక్ హాస్టళ్లకు చేరింది. రాత్రికి సుమారు 2,000 మంది విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. గవర్నర్ దిష్టిబొమ్మలు వేలాడదీశారు, తగలబెట్టారు. రాష్ట్ర శాసనసభ భవనం మీదికి వెళ్లి తలుపులు బద్దలుకొట్టారు. అక్కణ్నుంచి గవర్నర్ నివాసం దాకా ఊరేగింపుగా వెళ్లారు. తెల్లవారుజాము దాకా అట్లాంటా పోలీసులకు నిద్ర లేదు. పిట్స్‌బర్గ్‌లో విద్యార్థులు ‘గ్రియర్ లేకపోతే ఆట లేదు’ అన్న నినాదం అందుకున్నారు.

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. ఆ 2,000 మందీ సమానత్వం కోసం బయల్దేరినవాళ్లు కారు. వాళ్లలో ఎక్కువమందికి మండింది తమ ఆట పోతోందని, న్యూ ఆర్లీన్స్ ప్రయాణం పోతోందని, ఒక రాజకీయ నాయకుడు తమ కళాశాల వ్యవహారంలో వేలు పెట్టాడని. గుంపులో నల్లజాతి విద్యార్థి ఒక్కడూ లేడు. ఉండే వీలే లేదు, ఎందుకంటే జార్జియా టెక్ అప్పటికి నల్లవారిని చేర్చుకునేది కాదు. గ్రియర్ ఆ కళాశాల మీద ఆడవచ్చు, ఆ కళాశాలలో సీటు మాత్రం అడగలేడు.

అయినా ఆ రాత్రిని నేను తక్కువ చేయను. అప్పటిదాకా జార్జియా రాజకీయాల్లో ఒక లెక్క ఉండేది. జాతి పేరు చెబితే తెల్లవాళ్లంతా ఒక్కతాటి మీద నిలబడతారన్నది ఆ లెక్క. ఆ రాత్రి తెల్లవాళ్ల పిల్లలే, తమ ఆట కోసమే అయినా, ఆ లెక్క తప్పని చూపించారు. నల్లవాడితో ఆడటం కన్నా ఆట ఆడకపోవడమే తమకు పెద్ద అవమానమని తెగేసి చెప్పారు. సొంత అవసరం కోసం వేసిన అడుగు ఇతరులకు కూడా దారి అవుతుందని చరిత్రలో చాలాచోట్ల చూస్తాం.

అధ్యక్షుడు వాన్ లీర్

పాలకమండలి డిసెంబరు 5న, సోమవారం, సమావేశమైంది. సరిగ్గా అదే రోజు మాంట్‌గోమరీలో నల్లవారు బస్సులెక్కడం మానేశారు. ఆ ఉద్యమానికి నాయకత్వం వహించిన యువ పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ పుట్టి పెరిగింది అట్లాంటాలోనే. రెండు ఊళ్లలో రెండు వేర్వేరు గదుల్లో ఒకే ప్రశ్న మీద చర్చ జరుగుతోందని ఆ రోజు ఎంతమందికి తోచి ఉంటుందో! అదే వారం చివర, డిసెంబరు 10న, మన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాలం గుర్తుకు అందుతుందని చెబుతున్నాను.

జార్జియా టెక్ అధ్యక్షుడి పేరు బ్లేక్ వాన్ లీర్. ఆయన పేరు నాకు ఈ ఆట వల్ల తెలియలేదు. నీటి ప్రవాహాన్ని కొలిచే పద్ధతుల్లో ‘కాలిఫోర్నియా పైపు పద్ధతి’ అని ఒకటుంది. అడ్డంగా పరిచిన పైపులోంచి నీళ్లు సగమో ముప్పావో నిండి బయటికి దూకుతున్నప్పుడు, పైపు చివర పైభాగంలో ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలిస్తే చాలు, పైపు వ్యాసంతో కలిపి సెకనుకు ఎంత నీరు పోతోందో లెక్క కట్టవచ్చు. పెద్ద పరికరాలు లేని చోట పొలం గట్టు మీద నిలబడి చేయగలిగిన పని. 1920ల మొదట్లో, కాలిఫోర్నియాలో పాఠాలు చెప్పే రోజుల్లో, దాన్ని ప్రచురించింది ఈ వాన్ లీరే. సూత్రం పక్కన పేరుగానే నాకు తెలిసిన మనిషి ఇలాంటి కథలో ఎదురవుతాడని అనుకోలేదు.

వాన్ లీర్ 1944 నుంచి జార్జియా టెక్ అధ్యక్షుడు. కేవలం మగపిల్లల కళాశాలగా ఉన్న టెక్‌లో 1952లో ఆడపిల్లలకు ప్రవేశం దొరికింది ఆయన హయాంలోనే, ఆయన పట్టుదల వల్లనే. గవర్నర్ టెలిగ్రామ్ వచ్చాక ఆయన మీద ఒత్తిడి ఎంతుండేదో ఊహించుకోవచ్చు. కళాశాలకు డబ్బు ఇచ్చేది రాష్ట్రం. రాష్ట్రం నడిపేది గ్రిఫిన్. వాన్ లీర్ మాత్రం, ఆడతామని ఒప్పుకున్నాం కాబట్టి మాట తప్పబోమన్నాడు. ఆడనివ్వకపోతే టెక్‌కు మరో అధ్యక్షుణ్ని వెతుక్కోండని పాలకమండలికి చెప్పాడు. పెద్ద సిద్ధాంతాలేవీ ఆయన వల్లించలేదు. ఇచ్చిన మాట మీద నిలబడ్డాడు, అంతే.

మండలి భారీ ఆధిక్యంతో టెక్ ఆడవచ్చని తీర్మానించింది. అయితే వెంటనే ఇంకో నియమం పెట్టింది. జార్జియా గడ్డ మీద మాత్రం జాతుల కలయిక కుదరదు, బయటి రాష్ట్రాల్లో ఆడేటప్పుడు అక్కడి చట్టం ప్రకారం నడుచుకోవచ్చు అని. ఒక చేత్తో ఇచ్చి రెండో చేత్తో లాక్కున్నట్టు. అయినా ఆట నిలిచింది.

జనవరి 2

1956 జనవరి 1 ఆదివారం కావడంతో ఆట 2వ తేదీన జరిగింది. న్యూ ఆర్లీన్స్‌లో టులేన్ స్టేడియం. సుమారు 80,000 మంది జనం. బాబీ గ్రియర్ మైదానంలోకి దిగాడు. ఆకాశం ఊడిపడలేదు.

ఆటను మలుపు తిప్పింది మొదటి భాగంలోనే జరిగిన ఒక సంఘటన. టెక్‌వాళ్లు పిట్స్‌బర్గ్ గీత వైపు పొడుగ్గా బంతి విసిరారు. అందుకోవాల్సినవాడు డాన్ ఎల్లిస్. అతణ్ని అడ్డుకోవాల్సినవాడు గ్రియర్. ఇద్దరూ పరిగెత్తారు, గ్రియర్ కింద పడ్డాడు, బంతి అందలేదు. రిఫరీల్లో ఒకరు జెండా విసిరాడు. బంతి గాల్లో ఉండగా గ్రియర్ ఎదుటివాణ్ని నెట్టాడని తీర్పు. ఆ నేరానికి శిక్షగా బంతిని పిట్స్‌బర్గ్ గీతకు ఒక్క గజం దూరంలో పెట్టారు. టెక్ నాయకుడు వేడ్ మిచెల్ ఆ ఒక్క గజం దూరి 6 పాయింట్లు తెచ్చాడు, కాలితో మరొకటి వచ్చింది. 7–0.

ఆ తర్వాత మూడు భాగాలపాటు పిట్స్‌బర్గ్ మళ్లీ మళ్లీ టెక్ గీత దాకా వచ్చింది. దాటలేకపోయింది. గ్రియర్ స్వయంగా 51 గజాలు పరిగెత్తాడు. చివరికి లెక్క 7–0గానే మిగిలింది. మొత్తం ఆటలో వచ్చిన ఏకైక స్కోరు గ్రియర్ మీద వేసిన ఆ తప్పు వల్ల వచ్చిందే. తాను ముందున్నాననీ, వెనకనుంచి తననే నెట్టారనీ గ్రియర్ చెప్పాడు. ఆట ముగిశాక గదిలో కూర్చుని ఏడ్చాడు. ఆ తీర్పు తప్పని తర్వాత చాలామంది రాశారు. రిఫరీ మనసులో ఏముందో ఎవరం చెప్పలేం. కానీ అన్ని కళ్లూ ఒక్కడి మీదే ఉన్న రోజున ఆ జెండా అతడి మీదే పడటం ఎంత బరువో ఆలోచించండి. ఓడిపోయిన జట్టులో ఒకడిగా కాదు, తన జాతి మొత్తం తరఫున ఓడినవాడిగా నిలబడాల్సిన స్థితి అది. ఆ రాత్రి జట్లకు హోటల్లో విందు జరిగింది. గ్రియర్ విందుకు వెళ్లాడు. తర్వాత నృత్యోత్సవానికి ఉండకుండా, నల్లజాతివారి విద్యాసంస్థ అయిన డిలార్డ్ విశ్వవిద్యాలయంలో తన కోసం ఏర్పాటైన వేడుకకు వెళ్లిపోయాడు. మైదానంలో గీత దాటినా మైదానం బయట గీతలు అలాగే ఉన్నాయన్నమాట.

తర్వాత ఏమైంది

ఆట ముగిసిన మూడు వారాలకే వాన్ లీర్ గుండెపోటుతో చనిపోయాడు. ఆయన వయసు 62.

గండి పడిన చోట ఇసుక బస్తాలు వేసే పని కూడా వెంటనే మొదలైంది. 1956 జులైలో లూసియానా ప్రభుత్వం నల్లవారూ తెల్లవారూ కలిసి ఆడటాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఉత్తరాది జట్లు షుగర్ బౌల్‌కు దూరమయ్యాయి. ఒక నల్లజాతి బాక్సర్ వేసిన కేసులో కోర్టు ఆ చట్టం చెల్లదంది. 1959లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అయినా షుగర్ బౌల్‌లో మళ్లీ నల్లజాతి ఆటగాళ్లు కనిపించింది 1965 జనవరి 1న, సిరక్యూస్ జట్టు వచ్చినప్పుడే. గ్రియర్ ఆడిన రోజుకూ ఆ రోజుకూ మధ్య తొమ్మిదేళ్లు. ఒక్క ఆటతో లోకం మారిపోయిందని చెప్పేవాళ్లకు ఈ తొమ్మిదేళ్లు గుర్తుచేయాలి.

కానీ అట్లాంటాలో ఇంకోటి జరిగింది. 1961 జనవరిలో జార్జియా విశ్వవిద్యాలయంలో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు కోర్టు ఉత్తర్వుతో చేరితే అక్కడ అల్లర్లు రేగాయి. అదే ఏడాది సెప్టెంబరులో జార్జియా టెక్ ముగ్గురు నల్లజాతి విద్యార్థులను కోర్టు ఉత్తర్వు అవసరం లేకుండా, అల్లర్లు లేకుండా చేర్చుకుంది. 1970లో ఎడ్డీ మెక్‌ఆషన్ అనే నల్లజాతి యువకుడు అదే టెక్ జట్టును మైదానంలో నడిపించాడు. ఈ రెండింటికీ 1955 డిసెంబరే కారణమని నేననను. ఒకసారి పై అధికారికి తలవంచని సంస్థకు రెండోసారి నిటారుగా నిలబడటం కొంత తేలికవుతుందని మాత్రం అంటాను. ఇవాళ ఆ కళాశాలలో చదువుతున్న తెలుగు పిల్లలకు లెక్కలేదు. చర్మం రంగు అడగకుండా వారికి తలుపు తెరిచిన క్రమంలో గ్రియర్ అడుగు కూడా ఉంది.

గ్రియర్ ఆ తర్వాత వైమానిక దళంలో పనిచేశారు. తర్వాత పిట్స్‌బర్గ్‌లో ఒక కమ్యూనిటీ కళాశాలలో పాలనా బాధ్యతలు చూశారు. 2019లో షుగర్ బౌల్ తన గౌరవ పురస్కృతుల జాబితాలో ఆయన పేరు చేర్చింది. 2024లో ఆయన కన్నుమూశారు.

మన సంచికలో ఈ కథకు చోటెందుకని ఎవరైనా అడగవచ్చు. యాభై ఏళ్ల బడి చరిత్ర రాసేటప్పుడు మనం ఉత్తీర్ణత శాతాలు, ర్యాంకులు, కప్పులు లెక్కవేస్తాం. వేయాలి కూడా. జార్జియా టెక్ రికార్డుల్లో 1956 జనవరి 2 ఎదుట ఉన్నది గెలుపు, 7–0. అది నిజమే. కానీ ఆ కళాశాల ఆ నెలలో సాధించినదాంట్లో అది చిన్న భాగం. ఆ ఆట జరిగిందే ఒక అధ్యక్షుడు తన కుర్చీ పందెంగా పెట్టి మాట నిలుపుకున్నందువల్ల. ఆ గురువు వెనక 2,000 మంది పిల్లలు, ఏ కారణంతోనైతేనేం, నిలబడినందువల్ల. అన్నిటికన్నా ముఖ్యంగా, అంతటి గొడవకు కేంద్రమైన ఒక కుర్రవాడు బెదరకుండా వచ్చి ఆడినందువల్ల. మన బడిలోనూ స్కోరు పుస్తకానికెక్కని ఇలాంటి రోజులు కొన్ని ఉండే ఉంటాయి. అవి తెలిసిన గురువులు, సీనియర్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వారు చెప్పగలిగినప్పుడే రాసి పెట్టుకుందాం.